మాట అందించిన గొంతుకు, కొంత కోపంతో

పందొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూలై పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, మన టీవీ సంస్థ రెండవ షూటింగు ఫ్లోరులో, కెమెరా కాళ్ళ పక్కన వేసిన ఒక పొట్టి స్టూలు మీద ప్రాంప్టరమ్మ గారు తొలిసారి ఆసీనులయ్యారు. ముప్పై ఒక్క సంవత్సరాల నిరంతర సేవానంతరం, ఈ నెలాఖరున, ఇంచుమించు అదే స్టూలు మీద నుంచి లేచి పదవీ విరమణ చేస్తున్నారు. హాజరు పట్టీలో వారికి వేరే పేరున్న మాట నిజమే గాని, జీతాల రోజున తప్ప ఆ పేరుతో వారిని పిలిచినవారు లేరు.

ఈ అభినందన సంచిక సంపాదక వర్గం వారు నన్ను "మంచి మాటలు నాలుగు, మూడు పేజీలు దాటకుండా" రాయమన్నారు. రాస్తాను. అయితే ఇరవై ఆరేళ్ళుగా వారి పక్కనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న సౌండ్ ఇంజనీరుగా నాకు కొంత కోపం ఉన్నది. ఆ కోపాన్ని పక్కనపెట్టి పూలదండ లాంటి వ్యాసం రాయడం నా చేత కాలేదు. మూడు పేజీలు దాటినా దాటవచ్చు.

ప్రాంప్టరంటే ఎవరో వారి కుటుంబంలోని చిన్నవారికి తెలియకపోవచ్చును కనుక విన్నవిస్తాను. నటులు కెమెరా ముందు నిలబడి సంభాషణ చెబుతున్నప్పుడు, కంటికి కనిపించనంత కిందుగా కూర్చుని, ప్రతి మాటనూ ఒక క్షణం ముందుగా చదివి వారి చెవికి అందించేవారే ప్రాంప్టరు. ప్రాంప్టరమ్మ గారు ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో మన సంస్థ వారానికొక నాటకం తీసేది. నాలుగు రోజులు సాధన, ఐదవనాడు చిత్రీకరణ. నటులు మాటలు కంఠస్థం చేసుకుని వచ్చేవారు. ప్రాంప్టరమ్మ గారి అవసరం రోజుకు రెండు మూడుసార్లే పడేది. తొంభై తొమ్మిదిలో దైనందిన ధారావాహికలు మొదలయ్యేసరికి ఆ వైభవం కాస్తా అటకెక్కింది. రోజుకు పద్దెనిమిది దృశ్యాలు తీయాలి. రచయిత గారి కాగితాలు జిరాక్సు మిషను వేడి ఆరకుండానే సెట్టు మీదికి వచ్చేవి. పొద్దున ఒక సీరియల్లో అల్లుడు, మధ్యాహ్నం మరొక సీరియల్లో ప్లీడరు అయిన నటులు పరుగున వచ్చి "అమ్మా, నేనెవర్ని?" అని అడిగేవారు. "మీరు పెద్దల్లుడండి. నిన్న మీ మామగారిని నానా మాటలూ అన్నారు. ఇవాళ క్షమించమంటున్నారు," అని వారు నెమ్మదిగా చెప్పేవారు. ఆయన వెంటనే తల దించుకుని పశ్చాత్తాపానికి సిద్ధమయ్యేవారు.

నలభై మంది నటీనటులకు నలభై రకాలుగా మాట అందించడం వారికి తెలుసు. ఒకరికి మొదటి రెండు పదాలు చాలు. ఒకరికి వాక్యమంతా కావాలి. కోడలి వేషాలు వేసే ఒకామెకు మాట అక్కర్లేదు, ఊపిరి పీల్చిన చప్పుడు వినిపిస్తే చాలు, తన వంతు వచ్చిందని తెలుసుకునేవారు. ఇంతమందికీ వర్తించే నియమం మాత్రం ఒక్కటే పెట్టుకున్నారు: చదివేటప్పుడు గొంతులో ఏ భావమూ ఉండకూడదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక మరణ దృశ్యానికి వారు చదివిన తీరు విని, "అదేంటక్కా, బస్సు వేళలు చదివినట్టు చదువుతున్నారు?" అని నవ్వాను. వారు నవ్వలేదు.

"నా గొంతులో ఏడుపుంటే వాళ్ళు నా ఏడుపే ఏడుస్తారు తమ్ముడూ. మాట నాది. భావం వాళ్ళది. అది నేను ముట్టుకోకూడదు."

ఈ వాక్యాన్ని పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. నా కోపమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మన సంస్థలో తండ్రి వేషాలకు పెట్టింది పేరైన పెద్దాయన ఒకరున్నారు. ప్రేక్షకులూ మనమూ ఆయనను ఏడుపు నాన్నగారు అనే పిలుచుకుంటాం. ఆయన మాటకూ మాటకూ మధ్య చాలాసేపు ఆగుతారు. దుఃఖాన్ని దిగమింగుతున్నారని ప్రేక్షకులు అనుకున్నారు. ఆ మౌనంలో ఎంత లోతున్నదో వివరిస్తూ పత్రికలవారు కాలమ్‌లు నింపారు. నిజానికి ఆ సమయంలో ఆయన ప్రాంప్టరమ్మ గారి మాట వింటున్నారు. ఆయనకు వాక్యమంతా వినిపిస్తే గాని నోరు పెగలదు. అలాగే ఆయన చూపు ఎప్పుడూ కుడివైపు కిందికి వాలుతుంది. స్టూలు అక్కడ ఉంటుంది గనుక. ఒకసారి కేబుళ్ళు అడ్డమై స్టూలు ఎడమకు జరిపితే, ఆ వారమంతా ఆయన అపరాధ భావం ఎడమవైపుకు మారిపోయింది. తరువాత వచ్చిన కుర్ర నటులు మాటలు నోటికి వచ్చినా సరే, ఆయనలాగే ఆగి, కుడివైపు కిందికి చూసి, అప్పుడు మాట్లాడటం నేర్చుకున్నారు. మన నటనాశైలి అని నలుగురూ చెప్పుకునేది ఇట్లా పుట్టింది.

దీన్ని చూసి నవ్వేవారున్నారు. వారంటే నాకు ఒళ్ళు మండుతుంది. అతినటన, అతినటన అని ఈసడించుకునే పెద్దమనుషులు చీకటి గదిలో మెత్తని కుర్చీలో కూర్చుని బొమ్మ చూస్తారు. మన ప్రేక్షకురాలు అలా చూడదు. ఆమె టీవీకి వీపు పెట్టి కూరలు తరుగుతూ ఉంటుంది, పిల్లవాడికి తల దువ్వుతూ ఉంటుంది, కుక్కరు కూత మధ్య సగం మాట పోగొట్టుకుంటుంది. ఆమె తల తిప్పేసరికి ఆ ముఖం ఇంకా అక్కడే ఉండాలి, ఆ కన్నీరు ఇంకా జారుతూనే ఉండాలి. కనుబొమ్మ మూడుసార్లు లేపడం ఆమె కోసం. ఈ సంగతి నాకు చెప్పింది ప్రాంప్టరమ్మ గారే. "పనిలో ఉన్న మనిషికి కథ చెబుతున్నాం తమ్ముడూ, కాస్త గట్టిగానే చెప్పాలి," అనేవారు. ఇంత మర్యాదగా మన వృత్తిని సమర్థించినవారిని నేను ఇంకొకరిని చూడలేదు.

వారి ఇంటి సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను. వారి భర్తగారు గడియారాలు బాగుచేసేవారు. ఆయనకు మాట తడబడుతుంది. ఒక్కో పదం కోసం చాలాసేపు ప్రయాసపడతారు. ఒకసారి భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన "మీ... మీ... మీ..." అని ఆగిపోతే, సాయం చేద్దామని నేను "మీ అమ్మాయా?" అని అందించాను. ప్రాంప్టరమ్మ గారు నా వైపు చూసిన చూపు ఈ రోజుకూ మరువలేదు. ఆయన "మీ మైకులు" అనబోయారట. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ వారు, "ఇంట్లో ఆయన మాట ఎవ్వరం అందించం. ఎంతసేపైనా ఆయనే తెచ్చుకుంటారు," అన్నారు. పగలంతా లోకానికి మాటలు అందించే మనిషి, ఇంటికి వెళ్ళి పెదవి విప్పకుండా వేచి ఉండేవారు. వారి అమ్మాయి కూడా అలాగే పెరిగింది.

ఇక రెండు వేల ఆరవ సంవత్సరం. వానాకాలం. ఆసుపత్రి వరండా సెట్టు. కొడుకు శస్త్రచికిత్సకు సమ్మతి పత్రం మీద తండ్రి సంతకం పెట్టాలి. ఏడుపు నాన్నగారు చేతిలో కాగితంతో నిలబడ్డారు. ప్రాంప్టరమ్మ గారు మొదటి వాక్యం అందించారు, ఆయన చెప్పారు. పేజీ తిప్పబోతే రెండు కాగితాలు చెమ్మకు అతుక్కుపోయాయి. వారు తల తిప్పి, పక్కనున్న అసిస్టెంటు డైరెక్టరుతో, అదే బస్సు వేళల గొంతుతో, "పేజీ అంటుకుపోయింది. ఒక్క నిమిషం ఆగండి. చేతికి రావట్లేదు," అన్నారు.

నాన్నగారు విన్నారు. ఆగారు. కుడివైపు కిందికి చూశారు. కింది పెదవి అదిరింది. చేతిలోని సమ్మతి పత్రాన్ని పైకెత్తి, "పేజీ... అంటుకుపోయింది. ఒక్క నిమిషం... ఆగండి. చేతికి... రావట్లేదు," అని భోరుమన్నారు. గ్లిజరిన్ వేయలేదు, అవి సొంత కన్నీళ్ళు. దర్శకుడు కట్ చెప్పి చప్పట్లు కొట్టారు. దీపాలు పట్టుకున్నవారు కళ్ళు తుడుచుకున్నారు. ప్రాంప్టరమ్మ గారు చెయ్యెత్తి విషయం చెప్పబోతే, "ఏముంటే అదుంది, మళ్ళీ తీస్తే ఆ కన్నీళ్ళు వస్తాయా?" అని దర్శకుడు కసిరి తరువాతి దృశ్యానికి వెళ్ళిపోయారు. డబ్బింగులో నాన్నగారు అవే మాటలు మళ్ళీ చెప్పారు. అది రచయిత రాసిన మాటేనని ఆయన నమ్మకం. ఆయన కల్పించుకున్న మాటని రచయిత నమ్మకం. ప్రసారమైన వారం ఉత్తరాల కట్టలు వచ్చాయి. ఆ తండ్రి చేతులు వణికి కాగితం విప్పుకోలేకపోతుంటే ఇంటిల్లిపాదీ ఏడ్చామని ఒక గృహిణి రాశారు. ఆ దృశ్యానికే ఆయనకు ఆ ఏటి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆ అసిస్టెంటు డైరెక్టరు ఆ ఏడే వేరే సంస్థకు వెళ్ళిపోయాక, అసలు సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం: ప్రాంప్టరమ్మ గారు, నేను. చిత్రీకరణలో మేము పట్టే పైలట్ ట్రాకులో ప్రాంప్టరు గొంతు, నటుడి గొంతు రెండూ ఉంటాయి. డబ్బింగు అయ్యాక దాన్ని చెరిపేయాలి. అది మాత్రం చెరపబుద్ధి కాక దాచుకున్నాను.

మూడు నెలల క్రితం, నటనా ప్రమాణాలను సమీక్షించడానికి సంస్థ ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించింది. వారు నలభై ఎపిసోడ్లను రెండు రోజుల్లో, రెట్టింపు వేగంతో చూశారు. రెట్టింపు వేగంతో చూసి, హావభావాలు విపరీతంగా ఉన్నాయని కనిపెట్టారు. ఫ్లోరు మీదికి ఒక్కసారైనా రాలేదు. రాకుండానే, ప్రాంప్టరమ్మ గారి సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం రాయించారు: "కళాకారుల అతినటనకు ఈమె ఉద్వేగపూరితమైన ప్రాంప్టింగే ప్రధాన కారణం." ముప్పై ఏళ్ళపాటు మెగాఫోను పట్టుకుని "ఇంకొంచెం! ఇంకొంచెం! కళ్ళు! కళ్ళు!" అని అరిచిన దర్శకుల ప్రస్తావన ఆ నివేదికలో లేదు. ఉండదు; వారిలో ఒకరు, ఆసుపత్రి దృశ్యానికి చప్పట్లు కొట్టినవారే, ఆ సంఘంలో సభ్యులు. నెపమంతా పొట్టి స్టూలు మీది మనిషి నెత్తిన రుద్ది చేతులు దులుపుకున్నారు.

విరమణానంతరం కొత్త నటులకు మాట పలకడం నేర్పే పనికి ఒక శిక్షణ కేంద్రం వారిని అప్పటికే రమ్మన్నది. సర్వీసు పుస్తకం నకలు తెమ్మన్నది. ఆ వాక్యం చదివిన తరువాత ఎవరు రమ్మంటారు? నేను ఒంటికాలి మీద లేచి, దాచిన ట్రాకు తీసుకుని వారి దగ్గరికి వెళ్ళాను. "పదండక్కా, సంఘానికి వినిపిద్దాం. మీ గొంతులో ఉద్వేగమెక్కడుందో వాళ్ళనే చూపించమందాం."

"వద్దు తమ్ముడూ."

"ఎందుకొద్దు?"

"బయటపెడితే ఆయన నవ్వులపాలవుతారు. కాగితం అంటుకుంటే ఏడ్చి బహుమతి తెచ్చుకున్నాడంటారు. ఇంకా నాలుగు వేషాలు రావాలి ఆయనకి. నాదేముంది, నేను దిగిపోతున్నాను."

"మరి ఆ పని? నేర్పాలని ఎన్నాళ్ళనించి అనుకుంటున్నారు?"

"అనుకున్నాను." కాగితాల కట్ట సర్దుకున్నారు. "సంఘానికి చెప్పనని మాటివ్వు."

మాటిచ్చాను. ఈ ఔదార్యం చూసి మురిసిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. నాకు వారి మీద కూడా కోపం వచ్చింది. తన మీద రాసిన అబద్ధాన్ని మోసుకుని ఇంటికి పోయే హక్కు వారికి లేదనిపించింది. రెండు రోజులు పళ్ళు నూరుకున్నాక తట్టింది: సంఘానికి చెప్పనని మాటిచ్చాను గాని, నాన్నగారికి చెప్పనని ఇవ్వలేదు.

ఆయన డబ్బింగుకు వచ్చినప్పుడు తలుపు వేసి, ఆనాడు జరిగింది చెప్పి, ఆ ట్రాకు వినిపించాను. ఒకసారి విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. మూడోసారీ విన్నారు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఏడుస్తారనుకున్నాను, కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఆవిడ గొంతులో ఏడుపు లేదు కదయ్యా," అన్నారు.

"లేదండి."

"మరి నాకెక్కణ్ణించి వచ్చింది?"

సర్వీసు పుస్తకంలోని వాక్యం సంగతి అప్పుడు చెప్పాను. ఆవిడ చివరి సంతకాలకు ఎప్పుడు వెళ్తారని ఆయన అడిగారు.

గత గురువారం ఉదయం జనరల్ మేనేజరు గారి గదిలో సర్వీసు పుస్తకం మీద ప్రాంప్టరమ్మ గారు చివరి సంతకం పెట్టవలసి ఉండింది. ఉద్యోగుల సంఘం తరఫున సాక్షిగా నేను ఉన్నాను. కలం మూత తీసేసరికి నాన్నగారు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నాలుగు కాగితాలు. మన సీరియళ్ళ రచయిత గారి చేత రాయించుకున్న ఉపన్యాసమట. మేనేజరు గారికి ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ ఆ కాగితాలను ప్రాంప్టరమ్మ గారి చేతిలో పెట్టారు.

"అందించమ్మా."

వారు కాగితాల వంక చూశారు. ఒక్క అక్షరమైనా చదవలేదు. నాలుగూ మడిచి ఆయన జేబులో పెట్టారు.

"ఇది మీ మాటండి. నేనివ్వను."

నాన్నగారు అలవాటుగా ఆగారు. అలవాటుగా కుడివైపు కిందికి చూశారు. అక్కడ ప్రాంప్టరమ్మ గారు లేరు, స్టూలు లేదు, చెత్తబుట్ట ఉంది. వారు ఎడమవైపున, పెదవులు బిగించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. భర్తగారు మాట వెతుక్కుంటున్నప్పుడు వారు ఎలా కూర్చుంటారో నేను చూశాను, సరిగ్గా అలాగే. మేనేజరు గారు విసుగ్గా గడియారం చూసుకున్నారు. నేను నోరు తెరవబోయి మానుకున్నాను. నా జీవితంలో అంత పొడుగు విరామం ఏ ట్రాకులోనూ వినలేదు. నాన్నగారి కనుబొమ్మ లేవలేదు, పెదవి అదరలేదు. వేషాలేవీ లేకపోతే ఆయన ముఖం ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

"ఆ ఏడుపు నాది సార్," అన్నారు చివరికి. "ఈవిడ మాటే ఇచ్చింది. ఎప్పుడూ మాటే ఇచ్చింది. పేజీ అంటుకుపోయిందంటే కూడా నేనే ఏడ్చాను. అది మా వాళ్ళందరికీ చెప్పుకోండి, నాకేం పర్లేదు."

మేనేజరు గారు ఆ పేజీ అంటుకోవడమేమిటని అడిగారు. నా జేబులో, ఫోనులోకి ఎక్కించిన ట్రాకు సిద్ధంగా ఉంది. ప్రాంప్టరమ్మ గారి వంక చూశాను. వారు తల ఊపారు. వినిపించాను. ఒక నిమిషం తరువాత మేనేజరు గారు గుమాస్తాను పిలిచి, స్కేలూ కలమూ తెప్పించి, ఆ వాక్యాన్ని కొట్టివేసి సంతకం చేశారు.

అంతటితో సంతోషించమని కొందరు నాకు సలహా ఇచ్చారు. నేను సంతోషించడం లేదు. ఆ కొట్టివేత కింద వాక్యం ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది. సంఘం సభ్యులలో ఒక్కరూ వచ్చి పొరపాటైందని అనలేదు. ఈ అభినందన సంచిక ముఖంగా వారిని సవినయంగా ఆహ్వానిస్తున్నాను: రెండవ ఫ్లోరులో ఆ పొట్టి స్టూలు ఇంకా ఉంది, ఒక్క రోజు, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా, దాని మీద కూర్చుని నలభై మందికి మాట అందించి చూడండి. నడుము సంగతి తరువాత, గొంతు ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం. నాన్నగారి బహుమతి గురించి నవ్వదలచినవారికి కూడా ఒక మాట. అంటుకుపోయిన కాగితంతో ఒక దేశాన్ని ఏడిపించగలిగిన నటుణ్ణి చూసి నవ్వాలంటే, ముందు మీరొకసారి ప్రయత్నించి రండి. ఇదంతా రాయడానికి ఆయనే అనుమతించారు. అంటుకున్న పేజీల నంబర్లు కూడా రాయమన్నారు: పదకొండు, పన్నెండు.

శిక్షణ కేంద్రంలో ప్రాంప్టరమ్మ గారి తరగతులు వచ్చే నెల మొదలవుతాయి. మొదటి విద్యార్థిగా నాన్నగారు పేరు నమోదు చేసుకున్నారు. డెబ్బై ఒకటో ఏట మాటలు కంఠస్థం చేయడం నేర్చుకుంటారట.

అక్కా, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ ఉండాలి. మీ నడుము నొప్పి ఆ స్టూలుతోపాటే ఇక్కడ దిగిపోవాలి. సాయంత్రం పూట మీ వారు ఒక్కో మాటా వెతుక్కుంటుంటే, రేపు ఉదయం షూటింగుందన్న తొందర లేకుండా, ఎంతసేపైనా ఎదురుచూసే తీరిక మీకు దొరకాలి. మీ అమ్మాయి ఈ పేజీలు చదివేటప్పుడు ఎక్కడైనా గొంతు పట్టుకుంటే ఆగమనండి, మీరు అందించవద్దు. నేనూ ఈ నాలుగు ముక్కల కోసం పదకొండు రోజులు కూర్చున్నాను. పక్కన మీరు లేరు గనుక, ఒక్కొక్కటే నేనే తెచ్చుకున్నాను.